మనకంటే ముందే మన చెప్పులు చేరిన దీవి

నా బూటు వెల్క్రో పట్టీలో ఇరుక్కున్న గడ్డిగింజను రేంజర్ అమ్మాయి పట్టకారుతో పీకి నా కళ్ళముందు పెట్టింది. నువ్వుగింజలో సగం కూడా లేదు. "ఇది ఎక్కడిది?" అని అడిగింది. నాకేం తెలుసు! ఆ బూట్లు వేసుకుని రెండేళ్ళలో నేను తిరగని చోటు లేదు. గింజను చిన్న కవర్లో వేసి మూత బిగించి, ఇప్పుడు జేబులు తిరగేసి చూపించమంది. ఓడ డెక్కు మీద మేమంతా స్కూలు పిల్లల్లా వరసలో నిలబడి ఉన్నాం. కెమెరా బ్యాగుల మూలల్ని కూడా వాక్యూమ్ క్లీనర్‌తో పీల్పిస్తున్నారు. దూరంగా అల్దాబ్రా సన్నటి బూడిదరంగు గీతలా ఉంది.

నా ముందున్న పెద్దాయన విసుక్కున్నాడు. "మూడు రోజులు సముద్రంలో పడి వచ్చాం. ఇంత దూరం ఏ పురుగు వస్తుందండీ?"

ఆ క్షణంలో ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఇప్పుడు ఇదంతా రాస్తున్నది ఆ మాటతో తగాదా పెట్టుకోవడానికే.

అల్దాబ్రా హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశానిది. రాజధాని ఉన్న మాహే దీవి నుంచి నైరుతి దిక్కుగా 1,100 కిలోమీటర్ల పైచిలుకు. లెక్కకు మడగాస్కరే దానికి దగ్గర, అదీ 400 కిలోమీటర్ల పైనే. ఇది సముద్రమట్టానికి పైకి లేచిన పగడపు దీవి. సుమారు 34 కిలోమీటర్ల పొడవున నాలుగు పెద్ద ముక్కలు వలయంలా కూర్చుంటాయి, మధ్యలో లగూన్, అంటే ఉప్పునీటి సరస్సు. ముక్కల పేర్లు పికార్, పోలిమ్నీ, మలబార్, గ్రాండ్ టెర్. (అవును, మలబారే. మ్యాపులో చూసి నేనూ ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను.) హోటల్ లేదు, విమానం దిగే చోటు లేదు, ఊరు లేదు. పికార్ మీద ఒక పరిశోధనా కేంద్రం, అందులో విడతలవారీగా వచ్చిపోయే కొద్దిమంది సిబ్బంది, అంతే. ఎవరు ఎక్కడ దిగాలన్నా ఈ దీవిని చూసుకునే సీషెల్స్ ఐలండ్స్ ఫౌండేషన్ అనుమతి ఉండాలి, పక్కన రేంజర్ ఉండాలి.

మొదటి రోజు మేం దిగనేలేదు. అలలు ఎక్కువగా ఉన్నాయని రబ్బరు బోట్లు కిందికి దించలేదు. ఇంత డబ్బు పోసి వచ్చింది ఓడ మీంచి చూడడానికా అని భోజనాల దగ్గర పెద్ద గొడవ. ఆ గొడవలో నేనూ ఓ గొంతు కలిపానని ఒప్పుకోవాలి.

రెండో రోజు దిగాక తెలిసింది, ఈ దీవికి మనిషి కాలు పెట్టడం ఇష్టం లేదని. నేలలో ఎక్కువ భాగం మట్టి కాదు, కరకరలాడే సున్నపురాయి. వాన, ఉప్పునీరు కలిసి దాన్ని తొలిచి తొలిచి కత్తుల పొదలా చేశాయి. అక్కడివాళ్ళు దాన్ని ఫ్రెంచి మాటతో 'షాంపిన్యోన్' అంటారు, పుట్టగొడుగు అని అర్థం. తాబేళ్ళు కూడా ఈ రాతి గోతుల్లో పడి పైకి రాలేక చనిపోతుంటాయి. దారి పక్కన ఒక గోతిలో తెల్లబడిన డిప్ప ఒకటి కనిపించింది. నా బూటు అడుగు ఒక్క పూటలో చీరుకుపోయింది.

తాబేళ్ళ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అల్దాబ్రా మీద లక్ష దాకా పెద్ద తాబేళ్ళున్నాయి. గాలాపగోస్ దీవులన్నిటిలో ఉన్నవాటికంటే ఎక్కువ. మగవి 250 కిలోల దాకా తూగుతాయి. పొద్దున్న పదయ్యేసరికి ఎండ ముదురుతుంది. అప్పుడు బయట తిరిగే తాబేలుకు డిప్పలోనే ఉడికిపోయే గతి పడుతుంది. అందుకని ఉన్న ఒకటి రెండు చెట్ల నీడకు ఎక్కడెక్కడివో చేరతాయి. ఒక చెట్టు కింద ఇరవై మూడు లెక్కపెట్టాను. ఒకదాని మీద ఒకటి ఒరిగి, రద్దీ బస్సులో నిలబడి నిద్రపోయేవాళ్ళలా ఉన్నాయి. వాటి చుట్టూ గడ్డి బిలియర్డ్స్ బల్ల మీద పరిచిన గుడ్డంత పొట్టిగా ఉంటుంది. వేల ఏళ్ళుగా తాబేళ్ళు మేస్తూ ఉంటే, అక్కడి గడ్డిజాతులు కొన్ని గింజల్ని కూడా నోటికి అందకుండా నేల దగ్గరే పెట్టుకోవడం నేర్చాయి. గడ్డి ఎలా ఉండాలో తాబేలు నిర్ణయించిందన్నమాట. ఒక తాబేలు రాతి పగుల్లో నిలిచిన చెంచాడు నీళ్ళలో ముక్కు పెట్టి, ముక్కుతోనే తాగుతోంది. పది నిమిషాలు చూశాను. అది నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. అంత నిర్లక్ష్యానికి గురవడం కూడా ఓ సుఖమే.

తర్వాత ఆటు సమయానికి లగూన్ వాకిలి దగ్గరకు తీసుకెళ్ళారు. అక్కడ పోటుకీ ఆటుకీ తేడా మూడు మీటర్ల దాకా ఉంటుంది. అంత పెద్ద లగూన్‌లోని నీళ్ళన్నీ నాలుగైదు సందుల్లోంచే రోజుకు రెండుసార్లు లోపలికీ బయటికీ పోవాలి. నీళ్ళలోకి దిగి ముఖం కిందికి పెడితే చాలు, ఈదక్కర్లేదు, ఏరే మోసుకుపోతుంది. కింద పగడాలు రైలు కిటికీలోంచి చూసినట్టు వెనక్కి పోతుంటే, మన పక్కనే చేపలు, సొరచేప పిల్లలు, ఒక సముద్ర తాబేలు, అన్నీ ఒకే వైపు పోతున్నాయి. ఆటు పూర్తయ్యేసరికి లగూన్‌లో చాలా భాగం ఎండి బయటపడుతుంది. మడ చెట్ల మీద ఫ్రిగేట్ పక్షులు. మగవాటి గొంతు కింద ఎర్రటి బెలూన్లు.

ఇదంతా చూసి ఓడ ఎక్కాక, రాత్రి మా గదిలో ఉన్న రంగుల బ్రోచర్ మళ్ళీ తీశాను. మొదటి పేజీలోనే ఉంది: మనిషి చెయ్యి తగలని ప్రకృతి. నా తగాదా ఇక్కడ మొదలవుతుంది.

అల్దాబ్రాకు మనిషి చెయ్యి గట్టిగానే తగిలింది. హిందూ మహాసముద్రంలో మారిషస్, రీయూనియన్, రోడ్రిగ్స్, అన్నిచోట్లా పెద్ద తాబేళ్ళు ఉండేవి. నావికులు వాటిని ప్రాణంతో ఉన్న మాంసం నిల్వల్లా ఓడల్లో పేర్చుకుని పోయారు. నీళ్ళూ మేతా లేకుండా నెలల తరబడి బతికే ప్రాణి దొరికితే ఏ ఓడ వంటవాడు వదులుతాడు? ఇప్పుడు వాటిలో ఒక్క చోట కూడా ఆ స్థానిక జాతులు లేవు. అల్దాబ్రాలో మిగిలాయి కానీ, 19వ శతాబ్దం చివరికి అక్కడా కనిపించడమే కష్టమైంది. 1874లో గ్యుంటర్, డార్విన్, హుకర్ వంటి శాస్త్రవేత్తలు కలిసి మారిషస్ గవర్నర్‌కు వినతిపత్రం రాశారు, ఈ తాబేళ్ళను కాపాడమని. అప్పట్లో సీషెల్స్ పాలన అక్కడినుంచే సాగేది.

సముద్ర తాబేళ్ళ కథ ఇంకా ఘోరం. ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడవాటిని వెల్లకిలా తిప్పి, ఏటా వేల సంఖ్యలో ఎగుమతి చేశారు. 1968లో అక్కడ వాటి వేట నిషేధించారు. ఇవాళ గుడ్లు పెట్టడానికి వచ్చేవి అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగాయి. దీనికి ఐదు దశాబ్దాలు పట్టింది. ఇసుకలో జాడలు లెక్కపెట్టే పని అన్నేళ్ళూ ఎవరో ఒకరు చేస్తూనే వచ్చారు.

ఇక మేకలు. ఎప్పుడో మాంసం కోసం వదిలిన మేకలు మందలు మందలై, తాబేళ్ళకు నీడనిచ్చే పొదల్ని తినేశాయి. నీడ పోతే తాబేలు పోతుంది. వాటిని తీసేయడానికి దశాబ్దాలు పట్టింది. 2012కి గానీ పని పూర్తవలేదు. అందులో వాడిన ఉపాయం విన్నప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొన్ని మేకలకు రేడియో కాలర్ కట్టి వదిలేస్తారు. మేకకు ఒంటరితనం పడదు, వెతుక్కుంటూ పోయి దాక్కున్న మందలో చేరుతుంది. వెనకే వేటగాళ్ళు. దాన్ని 'జూడాస్ మేక' అంటారు, యేసును పట్టించిన శిష్యుడి పేరు మీద. ఆ కత్తుల రాళ్ళ మీద, ఆ ఎండలో, చివరి మేక దాకా. చెయ్యి తగలలేదంటున్నది ఈ దీవి గురించే.

రెయిల్ పక్షి గురించి కూడా చెప్పాలి (రైలుతో సంబంధం లేదు). కోడిపిల్లంత ఉంటుంది, ఎగరలేదు, మనిషి కనిపిస్తే పారిపోకుండా దగ్గరకొచ్చి బూటు లేసు పొడుస్తుంది. హిందూ మహాసముద్రం దీవుల్లో మిగిలిన ఆఖరి ఎగరలేని పక్షి ఇదే. సుమారు 1,36,000 ఏళ్ళ కిందట అల్దాబ్రా మొత్తం సముద్రంలో మునిగిపోయింది. అప్పటికి అక్కడున్న ఎగరలేని రెయిల్‌లన్నీ పోయాయి. దీవి మళ్ళీ తేలాక మడగాస్కర్ నుంచి అదే జాతి మళ్ళీ ఎగిరొచ్చి, మళ్ళీ ఎగరడం మానేసింది. జూలియన్ హ్యూమ్, డేవిడ్ మార్టిల్ అనే ఇద్దరు ఎముకల శిలాజాలు పోల్చి 2019లో ఈ సంగతి బయటపెట్టారు. శత్రువులు లేని చోట రెక్కలు దండగ అనుకుందేమో. పికార్ దీవికి మనుషులతో పాటు పిల్లులు వచ్చాయి. ఎగరలేని పక్షి, పిల్లి. ఎంతకాలం పడుతుంది? పికార్ మీద ఒక్కటి మిగల్లేదు. పిల్లుల్ని తొలగించాక, 1999లో మలబార్ నుంచి కొన్నిటిని తెచ్చి వదిలితే ఇప్పుడు మళ్ళీ వేలల్లో ఉన్నాయి. నా లేసు పొడిచింది వాటి మనవరాలో మునిమనవరాలో.

అన్నీ తిరిగి రాలేదు. అల్దాబ్రా బ్రష్ వార్బ్లర్ అనే చిన్న పిట్టను 1967లో కనుక్కున్నారు. మలబార్ తీరంలో ఒక సన్నటి పొదల పట్టీయే దాని లోకమంతా. 1983 తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. పరిచయమయ్యాక పదహారేళ్ళు.

ఆ 1967నే అల్దాబ్రాకు అన్నిటికంటే పెద్ద గండం తప్పింది. బ్రిటన్ 1965లో అల్దాబ్రాను సీషెల్స్ నుంచి విడదీసి, చాగోస్ దీవులతో కలిపి కొత్త పాలనా ప్రాంతం ఒకటి చేసింది. అల్దాబ్రాలో వైమానిక స్థావరం కట్టాలని ఆలోచన. రన్‌వేతో పాటు ఓడరేవు, లగూన్ సందుకు అడ్డుకట్ట. భూగోళ శాస్త్రవేత్త డేవిడ్ స్టాడర్ట్ స్వయంగా వెళ్ళి చూసొచ్చి గోల మొదలుపెట్టాడు. బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ, అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ కలిశాయి. టామ్ డాలియెల్ అనే ఎంపీ పార్లమెంటులో ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. నవంబరులో పౌండు విలువ తగ్గింపుతో బ్రిటన్ చేతిలో డబ్బు లేకుండా పోయింది, ఆ పథకమూ పోయింది. గోల గెలిచిందా, దరిద్రం గెలిచిందా అంటే రెండూ అనాలి. సీషెల్స్‌కు 1976లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అల్దాబ్రా తిరిగి వచ్చింది. 1982లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

ఈ విజయం గురించి ఓడలో ఒక సాయంత్రం స్లైడ్లతో ఉపన్యాసం ఇచ్చారు. బాగుంది. చాగోస్ సంగతి మాత్రం ఒక్క స్లైడులో లేదు. అదే పాలనా ప్రాంతంలోని డియెగో గార్సియాలో అమెరికా స్థావరం లేచింది. 1968, 1973 మధ్య చాగోస్ దీవుల నుంచి 1,500 నుంచి 2,000 మంది మనుషుల్ని ఓడలెక్కించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దించేశారు. తాబేళ్ళ వల్ల మనుషుల్ని వెళ్ళగొట్టారని నేను అనడం లేదు. డియెగో గార్సియా మీద అమెరికా కన్ను ముందునుంచే ఉంది. కానీ తాబేళ్ళ కోసం సంతకాలు పెట్టినంతమంది పెద్దమనుషులు ఆ కొబ్బరితోటల కూలీల కోసం పెట్టలేదు. మనుషులు లేని దీవుల అందాన్ని పొగిడినప్పుడల్లా నాకిప్పుడు ఇది గుర్తొచ్చి మాట సగంలో ఆగుతుంది.

దూరం కొంత కాపాడింది, కాదనను. మంచినీళ్ళు దొరకని రాతినేల కూడా కాపాడింది. కానీ తాబేళ్ళను మోసుకుపోయిన ఓడల్ని దూరం ఆపలేదు. మేకల్ని, పిల్లుల్ని, ఎలకల్ని ఆపలేదు. ఆపింది ఎప్పుడూ ఎవరో ఒకరు: ఉత్తరం రాసినవాడో, ప్రశ్న వేసినవాడో, జేబులు తిరగేయమన్న అమ్మాయో. పట్టకారుతో గింజను పీకడం నాకు చాదస్తంలా కనిపించిందంటే, దూరమే కాపలా కాస్తుందని నేనూ నమ్మాను కాబట్టే.

మూడో రోజు దక్షిణ తీరం. ఆగ్నేయపు గాలులకు ఎదురుగా ఉండే ఒడ్డు అది. అక్కడ చూసినదాన్ని నేను ఫొటో తీయలేదు, తీయబుద్ధి కాలేదు. చేపల వలలు, తాళ్ళు, ప్లాస్టిక్ డబ్బాలు, లైటర్లు, టూత్‌బ్రష్‌లు. వాటి మధ్య చెప్పులు. హవాయి చెప్పులు, నీలం పట్టీలు, పిల్లల చెప్పులు, ఒక్కొక్కటీ ఒంటి చెప్పే. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కాల్సిన ఇసుకకు అడ్డంగా.

2019లో సీషెల్స్ వాలంటీర్లు, ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన విద్యార్థులు కలిసి ఐదు వారాలు కష్టపడి 25 టన్నుల చెత్త ఎత్తారు. ఆ లెక్కలతో వేసిన అంచనా మరుసటి ఏడాది అచ్చయింది. ఇంకా దాదాపు 513 టన్నులు మిగిలే ఉంది, బరువులో 83 శాతం చేపల వేట సామగ్రి. అంతా ఎత్తాలంటే 18,000 పనిగంటలు, సుమారు 46 లక్షల 80 వేల డాలర్లు. సీషెల్స్ జనాభా లక్ష చిల్లర. అల్దాబ్రా మీద ఉన్నవాళ్ళు చెప్పులు పారేసుకుంటే ఈ లెక్క రాదు. ప్రవాహాలను లెక్కగట్టి చూసినవాళ్ళు ఒడ్డున పారేసిన చెత్తకు ఇండోనేషియా వైపు చూపించారు, కొంత భారతదేశం, శ్రీలంకల వైపు కూడా. వలలు, తాళ్ళు ఆ చుట్టుపక్కల సముద్రాల్లో ట్యూనా పట్టే పెద్ద పడవలవి.

నా బూటులోని గింజను కవర్లో పెట్టి సీలు వేసిన చోటికి, మా తీరాల చెప్పులు అనుమతి అడక్కుండానే వచ్చి కూర్చున్నాయి. వాటి అడుగున గవ్వపురుగులు అంటుకుని ఉన్నాయి. అవేం పురుగులో, ఏ తీరం నుంచి వచ్చాయో ఏ పట్టకారూ చూడలేదు.

తిరిగొచ్చాక ఫొటోలు చూపిస్తూ ఇదంతా చెబితే మా తమ్ముడికి కోపమొచ్చింది. "నువ్వు వెళ్ళి చూసొచ్చి, ఇప్పుడు మాకు శ్రీరంగనీతులా అక్కా? చూడకుండా ఎవరికైనా ప్రేమ ఎలా పుడుతుంది?"

ప్రశ్న న్యాయమైనదే. స్టాడర్ట్ వెళ్ళి చూడకపోతే రన్‌వే వచ్చేదేమో. కానీ 1874 వినతి మీద సంతకం పెట్టిన డార్విన్ అల్దాబ్రాలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. మారిషస్ చూశాడు, కోకోస్ దీవులు చూశాడు, అల్దాబ్రా చూడలేదు. చూసినవాళ్ళు రాసింది చదివి సంతకం పెట్టాడు. అంటే అందరూ చూడక్కర్లేదు, కొందరు చూసి నిజం చెబితే చాలు. మా ఓడలో అంతమందిమి చూశాం. ఎంతమంది దక్షిణ తీరం ఫొటో పెట్టారు? నాకు తెలిసి ఎవరూ లేరు, నాతో కలిపి. అందరి ఫోన్లలోనూ ఎర్ర బెలూన్ పక్షే.

డబ్బు మాటేమిటి, మీరు కట్టిన రుసుములు ఉపయోగపడవా అని కూడా అడిగాడు. పడతాయి. కానీ అల్దాబ్రాను చాలా ఏళ్ళుగా పోషించింది అల్దాబ్రాకు వచ్చినవాళ్ళు కాదు. సీషెల్స్‌లోనే ప్రాలిన్ దీవిలో వల్లే ద మే అనే అడవి ఉంది, కొకో ద మేర్ అనే జంట కొబ్బరి పండే చోటు. అదీ ఇదే ఫౌండేషన్ చేతిలో ఉంది. అక్కడ గేటు దగ్గర టికెట్ కొన్నవాళ్ళ డబ్బుతోనే అల్దాబ్రా ఖర్చులు చాలావరకు నడిచాయి. కోవిడ్ వచ్చి టూరిస్టులు ఆగిపోయినప్పుడు ఆ ధార ఎండిపోయి పెద్ద చిక్కొచ్చింది. అంటే అల్దాబ్రాకు సాయం చేయాలనుకునే మామూలు సందర్శకుడు ప్రాలిన్‌లో చెట్ల నీడన రెండు గంటలు తిరిగి వెళ్ళినా సరిపోతుంది. మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకోనక్కర్లేదు.

నేను 'ఎవరూ వెళ్ళొద్దు' అనడం లేదు. వెళ్ళడం కష్టంగానే ఉండనివ్వండి అంటున్నాను. అలలు ఎక్కువైతే దిగనివ్వొద్దు. జేబులు వెతకనివ్వండి. ఎందుకంటే ఆ కష్టాన్ని తగ్గించే పని ఈ మధ్యే పక్కన మొదలైంది. అల్దాబ్రాకు 30 కిలోమీటర్లు కూడా లేని అసంప్షన్ అనే దీవి ఉంది. దాని నేలను ఒకప్పుడు పక్షిరెట్ట ఎరువు కోసం తవ్వి తవ్వి పాడుచేశారు. అక్కడ చిన్న రన్‌వే ఉంది. ఆ దీవిలో సైనిక సదుపాయాలు కట్టడానికి 2018 జనవరిలో సీషెల్స్‌తో ఒప్పందం చేసుకున్నది మన దేశమే. అక్కడి జనం వీధుల్లోకి వచ్చారు, వాళ్ళ పార్లమెంటు దాన్ని ఆమోదించలేదు. ఈ వార్త మన పేపర్లలో చైనాతో పోటీ కింద వచ్చింది, తాబేళ్ళ కింద రాలేదు. ఆ తర్వాత అక్కడ విలాసాల రిసార్టు పనులు, రన్‌వే పెంచే పనులు మొదలయ్యాయి. సిమెంటు బస్తాలతో, ఇసుకతో, చెట్ల మొక్కలతో ఏమేం దిగుతాయో. ఒకప్పుడు అసంప్షన్‌లో ఎవరో వదిలిన పిగిలిపిట్టలు పెరిగి, అల్దాబ్రాకు ఎగిరిపోతాయనే భయంతో ఫౌండేషన్ వాళ్ళు ఏళ్ళ తరబడి వెతికి వెతికి వాటిని తొలగించాల్సి వచ్చింది. ఆ మధ్యలో ఉన్న సముద్రం పిట్టకు ఒక ఉదయపు పని.

ఇవన్నీ పూసగుచ్చినట్టు మా తమ్ముడికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. మేకల దగ్గర నవ్వాడు, చాగోస్ దగ్గర ఏం మాట్లాడలేదు. ఫోన్‌లో అసంప్షన్ మ్యాపు తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి, కాసేపు చూశాడు.

"అయితే అక్కా, ఆ రిసార్టు తెరిస్తే ఓడ లేకుండా నేరుగా ఫ్లైట్‌లో దిగొచ్చన్నమాట?"